ర్యాంకులు రాకముందు నంబర్ వన్ ఎవరు? అమెరికా కళాశాలల ఫుట్‌బాల్ నుంచి హైదరాబాద్ పోలీసు జట్టు వరకు

వైశాలి నగర్ (భిలాయి): తెలుగు ఇళ్ళలో ‘ర్యాంకు’ అన్న మాటను ఎవరూ ఎవరికీ వివరించనక్కరలేదు. పిల్లవాడు ఎంసెట్ రాశాడనగానే ఇరుగుపొరుగు అడిగే మొదటి ప్రశ్న మార్కుల గురించి కాదు, ర్యాంకు గురించే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే కాదు, ఉక్కు కర్మాగారంలో ఉపాధి కోసం దశాబ్దాల కిందట తరలివచ్చి, వైశాలి నగర్ వంటి భిలాయి కాలనీల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనూ ఇదే తీరు. అయితే పరీక్షలో ర్యాంకు ఇవ్వడం సులువు. అందరూ ఒకే పాఠ్యప్రణాళిక చదువుతారు, అందరినీ ఒకే కొలమానంతో కొలుస్తారు. ఒక్కొక్కరు ఒక్కో ప్రశ్నపత్రం రాసినప్పుడు, ఆ పత్రాల కాఠిన్యంలో పోలికే లేనప్పుడు మొదటి ర్యాంకు ఎవరికి ఇవ్వాలి?

సరిగ్గా ఈ చిక్కే 1930లలో అమెరికా కళాశాలల ఫుట్‌బాల్‌కు ఎదురైంది. అక్కడ దానికి ఒక వార్తా సంస్థ ఓటింగ్ ద్వారా పరిష్కారం వెతికింది. స్వాతంత్ర్యానంతర భారత ఫుట్‌బాల్‌కూ అదే చిక్కు వచ్చింది గాని, ఇక్కడ ఆ ప్రయత్నం జరగలేదు. ఫలితంగా దేశంలో ఒకప్పుడు తిరుగులేని జట్లలో ఒకటిగా వెలిగిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు ఏ జాతీయ జాబితాలోనూ అగ్రస్థానంలో కనిపించదు. అసలు అటువంటి జాబితాయే లేదు. ర్యాంకుల పట్టిక దేనిని చూపుతుందో, దేనిని మరుగుపరుస్తుందో తెలుసుకోవడానికి ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చూడటం ఉపకరిస్తుంది.

అందరూ అందరితో ఆడలేని ఆట

ముందుగా ఒక స్పష్టత అవసరం. అమెరికన్లు ఫుట్‌బాల్ అని పిలిచే ఆట మనం ఎరిగిన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేతపట్టుకుని పరుగెత్తడం, విసరడం, ప్రత్యర్థిని ఒడిసిపట్టి పడగొట్టడం అందులో ప్రధానం. శరీరాలు తీవ్రంగా అలసిపోయే ఆట కావడంతో ఒక్కో జట్టు వారానికి ఒక మ్యాచ్ మాత్రమే ఆడుతుంది. 1930లలో ఒక సీజన్ మొత్తానికి ఒక్కో విశ్వవిద్యాలయం ఎనిమిది నుంచి పది మ్యాచ్‌లు ఆడేది.

ఐపీఎల్‌లో ప్రతి జట్టూ 14 లీగ్ మ్యాచ్‌లు ఆడుతుంది. పాయింట్ల పట్టిక దానంతటదే తయారవుతుంది. అమెరికాలో ప్రధాన కళాశాల జట్లే వందకు పైగా ఉండేవి. మధ్య పశ్చిమ రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు ‘బిగ్ టెన్’ కూటమిగా తమలో తాము ఆడుకునేవి. దక్షిణాది జట్లు దక్షిణాదిలో, పసిఫిక్ తీరపు జట్లు అక్కడ తలపడేవి. కూటమికి ఒక విజేత ఉండేది గాని, దేశానికంతటికీ ఒక విజేతను తేల్చే పోటీ లేదు. సీజన్ ముగిసేసరికి ఓటమి ఎరుగని జట్లు మూడో నాలుగో మిగిలేవి. ప్రతి ఊరూ తమ జట్టే గొప్పదని వాదించేది. ఆ వాదనను తీర్చే న్యాయస్థానం లేదు.

లెక్కలతో తీర్పు చెప్పే యత్నం ముందే జరిగింది. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్ర ఆచార్యుడైన ఫ్రాంక్ డికిన్సన్ 1920లలోనే గెలుపోటములకూ, ప్రత్యర్థి బలానికీ విలువలు కట్టి జట్లకు స్థానాలు కేటాయించే గణిత పద్ధతిని రూపొందించారు. దేశమంతా వారం వారం మాట్లాడుకునే జాబితా మాత్రం ఆచార్యుడి లెక్కల నుంచి కాక, పత్రికల నుంచి వచ్చింది.

వార్తా సంస్థ చెప్పిన తీర్పు

1935 సీజన్ చివర అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) వార్తా సంస్థ క్రీడా సంపాదకుడు అలన్ గౌల్డ్ తన సొంత అంచనాతో ఒక జాబితా ప్రకటించారు. మిన్నెసోటా, ప్రిన్స్‌టన్, సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయాల జట్లు మూడింటికీ సమానంగా అగ్రస్థానం ఇచ్చారు. తమ జట్టు పక్కన మరో ఇద్దరిని నిలబెట్టడం మిన్నెసోటా అభిమానులకు మింగుడుపడలేదు. ఒక్కరి అభిప్రాయంగా వెలువడటమే ఆ జాబితాకు లోపమైంది. మరుసటి ఏడాది ఏపీ తన పద్ధతి మార్చుకుంది. దేశం నలుమూలల పత్రికల్లో పనిచేసే క్రీడా సంపాదకుల చేత ప్రతి వారం ఓటు వేయించడం మొదలుపెట్టింది. ఒక్కొక్కరు పది జట్లను వరుసగా రాసి పంపాలి. మొదటి స్థానానికి పది పాయింట్లు, రెండో స్థానానికి తొమ్మిది, ఆ విధంగా పదో స్థానానికి ఒకటి. అన్నిటినీ కూడితే వచ్చేదే జాతీయ ర్యాంకుల జాబితా. అలా 1936 అక్టోబరులో మొదటి వారపు జాబితా వెలువడింది. అందులో అగ్రస్థానం మిన్నెసోటాదే.

వార్తా సంస్థకు ఇందులో స్వప్రయోజనం లేకపోలేదు. ఆటలు శనివారం జరిగేవి. మళ్ళీ శనివారం వచ్చేదాకా క్రీడా పుటలకు చెప్పుకోదగ్గ వార్త ఉండేది కాదు. జాబితా ఆ ఖాళీని నింపింది. ఎవరు ఎక్కారు, ఎవరు దిగారు అన్న చర్చ వారమంతా సాగింది. తమ ఊరి జట్టు ఆడని మ్యాచ్‌ల ఫలితాల మీద కూడా పాఠకుడికి ఆసక్తి కలిగింది. ఎక్కడో వెయ్యి మైళ్ళ దూరాన ఒక జట్టు ఓడితే తమ జట్టు ఒక మెట్టు ఎక్కుతుంది మరి!

తొలి సీజన్‌లోనే తొలి చిక్కు

ఓటింగ్ పద్ధతిలోని బలహీనత తొలి ఏడాదే బయటపడింది. 1936 అక్టోబరు 31న నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం 6-0 తేడాతో మిన్నెసోటాను ఓడించింది. అప్పటికి మిన్నెసోటా వరుసగా 28 మ్యాచ్‌లలో ఓటమి ఎరుగదు. సహజంగానే నార్త్‌వెస్టర్న్ అగ్రస్థానానికి చేరింది. ఆ ఏడాది బిగ్ టెన్ కూటమిలో ఆడిన ఆరు మ్యాచ్‌లనూ గెలిచి కూటమి విజేతగా కూడా నిలిచింది. కాని నవంబరు 21న, సీజన్‌లోని తన చివరి మ్యాచ్‌లో నాటర్‌డామ్ చేతిలో 26-6తో చిత్తయింది.

సీజన్ ముగిసింది. మిన్నెసోటా ఏడు గెలిచి ఒకటి ఓడింది. నార్త్‌వెస్టర్న్ కూడా ఏడు గెలిచి ఒకటి ఓడింది. పరస్పరం తలపడినప్పుడు గెలిచినది నార్త్‌వెస్టర్న్. అయినా తుది జాబితాలో మిన్నెసోటా ఒకటో స్థానంలో, నార్త్‌వెస్టర్న్ ఏడో స్థానంలో నిలిచాయి. ఓటేసినవారు కేవలం గెలుపోటములను చూడలేదు. ఓటమి ఎప్పుడు వచ్చింది, ఎంత తేడాతో వచ్చింది, జట్టుకు ముందునుంచీ ఉన్న పేరు ఎంత అన్నవాటినీ మనసులో పెట్టుకున్నారు. సీజన్ మధ్యలో స్వల్ప తేడాతో ఓడిన జట్టును క్షమించారు. చివరి వారంలో భారీగా ఓడిన జట్టును క్షమించలేదు. ఇది అన్యాయమని నిరూపించడం కష్టం, న్యాయమని నిరూపించడమూ అంతే కష్టం.

మరో లోపం తేదీలది. సీజన్ ముగిసిన వెంటనే, నవంబరు చివర, తుది జాబితా ప్రకటించేవారు. జనవరి ఒకటో తేదీన జరిగే ప్రతిష్ఠాత్మకమైన ‘బౌల్’ మ్యాచ్‌లను లెక్కలోకి తీసుకునేవారు కాదు. తుది జాబితాలో రెండో స్థానం పొందిన లూసియానా స్టేట్ 1937 జనవరి 1న షుగర్ బౌల్‌లో సాంటా క్లారా చేతిలో 21-14తో ఓడింది. మూడో స్థానంలోని పిట్స్‌బర్గ్ అదే రోజున రోజ్ బౌల్‌లో వాషింగ్టన్‌ను 21-0తో ఓడించింది. జాబితాలో మాత్రం అక్షరం మారలేదు. బౌల్ మ్యాచ్‌ల తరువాతే తుది ఓటింగ్ జరపడం ఏపీ శాశ్వత విధానమైంది 1968 సీజన్ నుంచే.

ఉక్కు నగరానికి దక్కిన కిరీటం, దాని ధర

రెండో ఏడాది, అంటే 1937లో, జాబితా శిఖరం మీద నిలిచినది పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం. భిలాయి పాఠకులకు ఆ ఊరి స్వభావం ఊహించడం కష్టం కాదు. భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. పిట్స్‌బర్గ్ అంతకు ఎన్నో దశాబ్దాల ముందే అమెరికా ఉక్కు రాజధానిగా పేరు పొందింది. జాక్ సదర్లండ్ శిక్షణలో ఆ జట్టు 1937లో తొమ్మిది మ్యాచ్‌లు గెలిచి, ఫోర్డమ్‌తో ఒక్క మ్యాచ్‌ను 0-0తో డ్రా చేసుకుంది. ఆ రెండు జట్ల మధ్య వరుసగా మూడో ఏడాది వచ్చిన 0-0 ఫలితమది!

అంతటి సీజన్ తరువాత ఆ ఆటగాళ్ళు రోజ్ బౌల్‌కు వెళ్ళకూడదని తమలో తాము ఓటు వేసుకుని నిర్ణయించుకున్నారు. దేశంలో మొదటి స్థానం పొందిన జట్టు అతిపెద్ద వేదికను కాదనుకోవడం వెనుక ఉన్నది ఒక మౌలికమైన ప్రశ్న. ఈ యువకులు విద్యార్థులా, ఉద్యోగులా? వారి ఆటను చూడటానికి వేలమంది టికెట్లు కొంటున్నారు, విశ్వవిద్యాలయానికి రాబడి వస్తోంది. మరి ఆటగాడికి ఏమి ముట్టాలి? ఆటగాళ్ళకు అందే ఆర్థిక సాయాన్ని పిట్స్‌బర్గ్ యాజమాన్యం కట్టడి చేసింది. 1939లో సదర్లండ్ రాజీనామా చేశారు. అదే ఏడాది డిసెంబరులో చికాగో విశ్వవిద్యాలయం ఏకంగా ఫుట్‌బాల్ జట్టునే రద్దు చేసింది. 1935లో తొలి హైస్‌మన్ పురస్కారం అందుకున్న జే బెర్వాంగర్ ఆడిన జట్టు అది. ఆటా చదువూ ఒకదానికొకటి అడ్డు రాకూడదన్నది అధ్యక్షుడు రాబర్ట్ హచిన్స్ వాదం.

ఆ ప్రశ్నకు అమెరికాలో సమాధానం రావడానికి ఎనభై ఏళ్ళకు పైగా పట్టింది. తమ పేరు, రూపం వాడుకున్నందుకు కళాశాల ఆటగాళ్ళు డబ్బు తీసుకోవచ్చన్న అనుమతి 2021లో లభించింది. విశ్వవిద్యాలయాలే నేరుగా ఆటగాళ్ళకు చెల్లించే విధానం 2025 జులైలో అమల్లోకి వచ్చింది. విజేతను మైదానంలోనే తేల్చాలన్న డిమాండు కూడా నెమ్మదిగానే నెరవేరింది. నాలుగు జట్ల ప్లేఆఫ్ 2014 సీజన్‌లో మొదలై, 2024లో పన్నెండు జట్లకు విస్తరించింది. అయితే ఆ పన్నెండు జట్లను ఎంపిక చేయడానికి ఇప్పటికీ ఒక కమిటీ కూర్చుని ర్యాంకులే ఇస్తోంది.

1950: హైదరాబాద్ లెక్క

ఇక మన కథ. 1950లో అమెరికాలో యునైటెడ్ ప్రెస్ శిక్షకుల ఓట్లతో మరో జాబితాను ప్రారంభించింది. ఒకే ఆటకు రెండు ర్యాంకుల పట్టికలు వచ్చాయి. అదే ఏడాది భారత ఫుట్‌బాల్‌కు ఒక్కటీ లేదు. జాతీయ లీగ్ కూడా లేదు. ఉన్నవి పాత కప్పులు: 1888లో సిమ్లాలో మొదలైన డ్యూరాండ్, 1891 నాటి బొంబాయి రోవర్స్ కప్, 1893 నాటి కలకత్తా ఐఎఫ్ఏ షీల్డ్. వీటితో పాటు రాష్ట్రాల జట్ల మధ్య 1941 నుంచి సంతోష్ ట్రోఫీ.

1950లో వీటి ఫలితాలు ఇలా ఉన్నాయి. రోవర్స్ కప్‌ను హైదరాబాద్ సిటీ పోలీసు గెలిచింది. దేశ విభజన తరువాత ఢిల్లీలో పునఃప్రారంభమైన డ్యూరాండ్ కప్‌లోనూ మోహన్ బగాన్‌ను ఓడించి హైదరాబాద్ సిటీ పోలీసే విజేత అయింది. ఐఎఫ్ఏ షీల్డ్, కలకత్తా లీగ్ రెండూ ఈస్ట్ బెంగాల్‌వి. సంతోష్ ట్రోఫీ తుదిపోరులో బెంగాల్ హైదరాబాద్‌ను ఓడించింది. మరి ఆ ఏడాది దేశంలో మొదటి జట్టు ఏది?

కప్పులను లెక్కించేవారు హైదరాబాద్ అంటారు. మూడు ప్రధాన కప్పుల్లో రెండు దానివే. నెలల తరబడి సాగే లీగ్‌కు విలువ ఇచ్చేవారు ఈస్ట్ బెంగాల్ అంటారు. నాకౌట్ పోటీలో ఒక్క చెడ్డ రోజు చాలు, ఎంతటి జట్టయినా ఇంటిదారి పడుతుంది. లీగ్‌లో నిలకడకు గుర్తింపు దక్కుతుంది. 1936లో మిన్నెసోటా, నార్త్‌వెస్టర్న్ మధ్య తలెత్తిన వాదమే ఇది. తేడా ఒక్కటే. అక్కడ తప్పో ఒప్పో ఒక తీర్పు నమోదైంది. ఇక్కడ వాదం నమోదు కాకుండానే మరుగునపడింది.

ఒక్క ఏడాది ఫలితం చూసి అదృష్టమనుకోవచ్చు. కాని హైదరాబాద్ సిటీ పోలీసు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిచింది. 1954లోనూ, 1957లోనూ డ్యూరాండ్ గెలిచింది. 1956, 1957 సీజన్లలో సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌కే దక్కింది. ఏపీ తరహా ఓటింగ్ ఇక్కడ ఉన్నా న్యాయం జరిగేదని చెప్పలేం. నాటి ఫుట్‌బాల్ రచనకు కేంద్రం కలకత్తా. ఓటు వేసేవారు తాము కళ్ళారా చూసిన జట్టువైపే మొగ్గడం అమెరికాలోనూ ఉన్న జబ్బే.

మాస్టారి జట్టు

ఆ జట్టు వెనుక ఉన్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, ఉపాధ్యాయ వృత్తి చేపట్టారు. 1940లలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. 1950లో సిటీ పోలీసు జట్టు శిక్షణ బాధ్యత స్వీకరించి, 1963లో మరణించేదాకా కొనసాగారు. బంతిని కాళ్ళ దగ్గర అట్టిపెట్టుకోకుండా ఒక్క తాకుడుతో సహచరుడికి అందించడం, బలహీనమైన కాలిని కూడా పదును పెట్టడం ఆయన శిక్షణలోని ముఖ్యాంశాలు. కాగితం మీద ఇది సాధారణంగా కనిపించవచ్చు. ఆటగాడు ఒంటరిగా బంతిని నడిపించడమే గొప్ప అనుకునే రోజుల్లో అదొక కొత్త వ్యాకరణం.

హైదరాబాద్ ఆటగాళ్ళు విద్యార్థులు కారు, పోలీసు శాఖ ఉద్యోగులు. ‘ఆటగాడికి ఏమి ముట్టాలి’ అన్న ప్రశ్నకు భారతదేశం ఇచ్చిన సమాధానం అది: ప్రభుత్వ కొలువు. నెల జీతం, ఆట ముగిశాక కూడా మిగిలే ఉద్యోగం. పోలీసు, సైన్యం, రైల్వేలు, తరువాతి కాలంలో ప్రభుత్వరంగ సంస్థలు ఆటలను దశాబ్దాలపాటు ఈ విధంగానే పోషించాయి.

రహీం శిక్షణలో భారత జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం సాధించింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఘోర పరాజయం పాలైంది. నాలుగేళ్ళ తరువాత మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, సెమీఫైనల్ చేరి, నాలుగో స్థానం పొందింది. 1962 జకార్తా ఆసియా క్రీడల తుదిపోరులో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి రెండోసారి స్వర్ణం గెలిచింది. సికింద్రాబాద్‌లో పెరిగిన తులసీదాస్ బలరాం మెల్‌బోర్న్‌లోనూ, జకార్తాలోనూ ఆ జట్టు సభ్యుడు. జకార్తా విజయం తరువాత ఏడాది తిరగకముందే, 1963 జూన్‌లో, రహీం క్యాన్సర్‌తో కన్నుమూశారు.

పట్టికకు గుర్తుండేది ఎంత?

ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య (ఫిఫా) దేశాల ర్యాంకులను 1992 డిసెంబరులో ప్రారంభించింది. 2018లో ఆ పద్ధతిని మార్చి, ప్రత్యర్థి బలాన్ని బట్టి పాయింట్లు కలిపే, తీసివేసే సూత్రాన్ని ప్రవేశపెట్టింది. ఆ జాబితాలో భారత్ అత్యుత్తమ స్థానం 94. అది 1996 ఫిబ్రవరిలో దక్కింది. నేడు ఎవరైనా భారత ఫుట్‌బాల్ ఉచ్ఛదశ ఏదని వెతికితే కంటబడే సంఖ్య ఇదే. ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి, ఆసియాలో రెండు స్వర్ణాలకు ఆ పట్టికలో గడి లేదు. ఎందుకంటే పట్టిక పుట్టేసరికి ఆ ఆటగాళ్ళు వృద్ధులయ్యారు, వారి శిక్షకుడు చనిపోయి దాదాపు ముప్పై ఏళ్ళయింది.

దేశవాళీ ఆటదీ ఇదే గతి. జాతీయ ఫుట్‌బాల్ లీగ్ 1996లో గాని ప్రారంభం కాలేదు. అప్పటికి హైదరాబాద్ వైభవం ముగిసింది. మంచి ఆటగాళ్ళు కలకత్తా క్లబ్బులకు తరలిపోవడం 1950లలోనే మొదలైంది. బలరాం కూడా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళినవారే. దీనికి తోడు పేర్ల గందరగోళం ఒకటి. రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ తరువాత సిటీ పోలీసు జట్టు వారసత్వం ఆంధ్రప్రదేశ్ పోలీసు పేరుతో సాగింది. 1961 డ్యూరాండ్ కప్ ఆ పేరు మీదే ఉంది. సంతోష్ ట్రోఫీ రెండుసార్లు హైదరాబాద్ పేరుతో, 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో నమోదైంది. ఒకే సంప్రదాయానికి చెందిన విజయాలు చీలిపోయి, ఏ వరుసలోనూ పూర్తిగా కనిపించవు.

దీన్నిబట్టి ర్యాంకులు వ్యర్థమని తీర్మానించడం తొందరపాటు. ర్యాంకే లేకపోతే 1936 వాదాన్ని ఈనాడు ఇంత వివరంగా చెప్పుకోగలిగేవారం కాము. ఎవరు ఎప్పుడు ఎక్కడ నిలిచారో వారం వారం రాసిపెట్టడమే ఆ జాబితా చేసిన పెద్ద మేలు. కాని ప్రతి జాబితా వెనుకా కొన్ని ఎంపికలు ఉంటాయి. ఏ మ్యాచ్‌లను లెక్కించాలి, ఏ తేదీతో ఆపాలి, ఎవరి అభిప్రాయానికి విలువ ఇవ్వాలి అన్నవి మనుషులు నిర్ణయించినవే. దేశంలోని విద్యాసంస్థలకు 2016 నుంచి కేంద్రం ప్రకటిస్తున్న ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో సైతం సంస్థపై ఇతరులకు ఉన్న అభిప్రాయానికి పది శాతం ప్రాధాన్యం ఉంది. పిల్లల చదువు కోసం ఆ జాబితాను తిరగేసే తల్లిదండ్రులు ఈ సంగతి గమనించడం మంచిది.

జాబితాను చదివేటప్పుడు వేసుకోవలసిన ప్రశ్నలు మూడు. ఇది ఎప్పుడు మొదలైంది? ఎవరు తయారుచేశారు? ఇందులో చోటు లేనివారు ఎవరు? మూడో ప్రశ్నకు జవాబు జాబితాలో దొరకదు. ఐదేళ్ళు వరుసగా ఒకే కప్పు మీద చెక్కిన హైదరాబాద్ పోలీసుల పేరు వంటి చోట్ల దాన్ని వెతుక్కోవాలి.